ఖుర్తుబా ఖాజీ ఇబ్నె రుష్ద్

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి నేలల్లో పుట్టి పెరిగిన వారికి ప్రత్తిని గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. అయితే స్పెయిన్ దేశపు రైతు తన ప్రత్తిని ఏమని పిలుస్తాడో మనలో చాలామంది ఎరుగరు. అతడు దానిని అల్గొదోన్ అంటాడు. అది అరబ్బీ భాషలోని అల్ ఖుత్న్ అన్న మాటకు మారిన రూపం. ఇంగ్లీషువారి కాటన్ కూడా ఆ ఇంటి బిడ్డయే. స్పెయిన్‌లో చక్కెరను అసూకర్ అనీ, బియ్యాన్ని అరోజ్ అనీ, నూనెను అసేతె అనీ అంటారు. ఇవన్నీ అరబ్బీ నుండి వచ్చిన మాటలే. ఆ దేశపు పెద్ద నదులలో ఒకటైన గ్వాదల్‌కివిర్ పేరును విడదీస్తే వాదీ అల్ కబీర్ అని తేలుతుంది. పెద్ద నది అని దాని అర్థం. ఒక పట్టణపు మేయరును అక్కడివారు నేటికీ అల్కాల్దె అంటారు. అది మనకు చిరపరిచితమైన ఖాజీ అన్న మాటే.

క్రీ.శ. 711 నుండి 1492 వరకు, ఇంచుమించు ఎనిమిది వందల సంవత్సరాలు, స్పెయిన్‌లో ఏదో ఒక భాగం ముస్లిముల పాలనలో ఉండేది. రాజ్యం పోయింది, మాటలు మిగిలాయి. జిల్లా, వకీలు, జవాబు, హక్కు, అసలు అన్న అరబ్బీ మాటలు మన తెలుగులో ఎట్లా కలిసిపోయాయో, అక్కడ కూడా అట్లే కలిసిపోయాయి. పలికేవారికి అవి ఎక్కడివో అన్న స్పృహ కూడా ఉండదు.

ఆ దేశంలో ఒకప్పుడు ఖాజీ పదవిలో ఉండిన ఒక పండితుని జీవితాన్ని విద్యార్థుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన పేరు అబుల్ వలీద్ ముహమ్మద్ ఇబ్నె అహ్మద్ ఇబ్నె రుష్ద్. ఐరోపావారి నోట ఇబ్నె అన్న మాట అవెన్ అయి, రుష్ద్ తో కలిసి చివరకు అవెర్రోస్ అయింది. మన సభలలో పూర్వ వైభవాన్ని కీర్తించే ఉపన్యాసకులు ఇబ్నె సీనా, అల్ బిరూనీ, ఇబ్నె రుష్ద్ అని మూడు నాలుగు పేర్లు వరుసగా చదువుతారు. సభవారు చప్పట్లు కొడతారు. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో నేను కూడా ఒక సభలో ఆ పేరు చదివి చప్పట్లు అందుకొన్నవాడనే. తరువాత ఆయన చరిత్ర చదివినపుడు ఆ చప్పట్లకు సిగ్గుపడవలసి వచ్చింది. ఎందుకో ఈ వ్యాసం చివరకు పాఠకులకే తెలియగలదు.

ఇబ్నె రుష్ద్ క్రీ.శ. 1126లో, హిజ్రీ 520లో, ఖుర్తుబా నగరంలో జన్మించారు. దానినే స్పెయిన్‌వారు కొర్డోబా అంటారు. ఇక్బాల్ మహాకవి 1933లో ఆ నగరపు మసీదును దర్శించి రచించిన కవిత వలన ఉర్దూ విద్యార్థులు ఆ పేరు ఎరుగుదురు. ఇబ్నె రుష్ద్ పుట్టేనాటికి ఖుర్తుబా వైభవ దశ దాటిపోయింది. ఖలీఫా రెండవ హకమ్ కాలంలో, అనగా పదవ శతాబ్దంలో, నాలుగు లక్షల గ్రంథాలుండెనని చరిత్రకారులు చెప్పే రాజ గ్రంథాలయం అప్పటికే చెదిరిపోయింది. అయినా చదువుల వాసన ఊరిని విడువలేదు.

ఆయన వంశం ఖాజీల వంశం. తాతగారు కూడా ఖుర్తుబాలో ప్రధాన ఖాజీగా, పెద్ద మసీదుకు ఇమాముగా ఉండినవారు. మాలికీ ధర్మశాస్త్రంలో ఆయన గ్రంథాలు ప్రమాణాలు. మనుమడు పుట్టిన సంవత్సరమే ఆయన కన్ను మూశారు. తాతా మనుమలిద్దరి పేరు ఒకటే కావడం చేత చరిత్రకారులు ఒకరిని తాత ఇబ్నె రుష్ద్ అనీ, మరొకరిని మనుమడు ఇబ్నె రుష్ద్ అనీ వ్యవహరిస్తారు. తండ్రిగారు కూడా ఖాజీయే. బాలుడు తండ్రి వద్దనే ఇమాం మాలిక్ హదీసు గ్రంథమైన మువత్తాను కంఠస్థం చేశారు. ధర్మశాస్త్రంతో పాటు వైద్యం, గణితం, ఖగోళం, తర్కం అభ్యసించారు. పెద్దయిన తరువాత కూడా ఆయన చదువు మానిన రాత్రులు జీవితంలో రెండేననీ, ఒకటి తండ్రి మరణించిన రాత్రి, రెండవది తన వివాహపు రాత్రి అనీ పూర్వ చరిత్రకారులు వ్రాశారు. ఇందులో కొంత అతిశయోక్తి ఉన్నా ఆయన దీక్షకు అది గుర్తు.

ఆయన యౌవనంలో స్పెయిన్ పాలన చేతులు మారింది. మొరాకో పర్వతాలలో పుట్టిన మువహ్హిదుల ఉద్యమం సముద్రం దాటి వచ్చి 1148 నాటికి ఖుర్తుబాను వశపరచుకొంది. కొత్త పాలకులు విద్యాప్రియులే గాని అన్యమతస్థుల పట్ల కఠినులు. ఆ కాఠిన్యం వల్లనే ఖుర్తుబాలో పుట్టిన యూద పండితుడు మూసా ఇబ్నె మైమూన్ బాల్యంలోనే కుటుంబంతో ఊరు విడిచిపోవలసి వచ్చింది. ఐరోపావారు మైమోనిడెస్ అని గౌరవించే మహానుభావుడు ఆయనే. ఒకే ఊరు, ఒకే తరం. ఒకరు ఉన్నారు, ఒకరు వెళ్ళిపోయారు. ఉండిన వారికి కూడా ఒకనాడు అదే గతి పట్టింది. ఆ కథ ముందు వస్తుంది.

1153లో ఇబ్నె రుష్ద్ మొరాకోలోని మరాకిష్ నగరంలో ఉన్నారు. అక్కడ ఆకాశాన్ని పరిశీలించుచుండగా దక్షిణ దిక్కున సుహైల్ అనే నక్షత్రం కనిపించింది. ఖుర్తుబాలో అది ఎన్నడూ దిగంతం పైకి రాదు. కొంత దక్షిణానికి ప్రయాణించినంత మాత్రాన కొత్త నక్షత్రం కనబడినదంటే భూమి గుండ్రంగా ఉండుటకు అది నిదర్శనమని ఆయన గ్రహించి, అరిస్టాటిల్ చెప్పిన దానికి ఈ అనుభవాన్ని జోడించి వ్రాశారు. ఆ సుహైల్ నక్షత్రాన్నే మనం అగస్త్య నక్షత్రం అంటాము. పుష్య మాఘ మాసాలలో మిరప కల్లాల వద్ద కాపలా పడుకొనే మన రైతులు దక్షిణాకాశంలో దానిని రోజూ చూస్తుంటారు. ఖుర్తుబా పండితునికి సముద్రం దాటితేగాని దొరకని ప్రమాణం మన కల్లాల పైన ఊరకే వెలుగుతున్నది. చూచుట వేరు, చూచిన దానిని గురించి ఆలోచించుట వేరు అని దీనివలన మనం తెలుసుకోవచ్చును.

ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పిన సంఘటన 1169 ప్రాంతంలో జరిగింది. అప్పటి మువహ్హిదు ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్ తత్వశాస్త్రంలో ఆసక్తి గలవాడు. అతని ఆస్థాన వైద్యుడు ఇబ్నె తుఫైల్ వృద్ధ పండితుడు. ఆయన ఇబ్నె రుష్ద్‌ను ఖలీఫా ఎదుట నిలిపి పరిచయం చేశారు. కుశల ప్రశ్నలైన వెంటనే ఖలీఫా, ఆకాశం అనాదియా లేక సృష్టింపబడినదా, తత్వవేత్తల అభిప్రాయమేమి అని అడిగాడు. రాజసభలో అది ప్రమాదకరమైన ప్రశ్న. ఇబ్నె రుష్ద్ భయపడి, తాను తత్వశాస్త్రం చదువలేదని తప్పించుకోజూచారు. ఖలీఫా ఆ జంకు కనిపెట్టి, ఇబ్నె తుఫైల్ వైపు తిరిగి తానే ప్లేటో, అరిస్టాటిల్ మతాలనూ, వానికి ముస్లిం పండితులు చెప్పిన ఆక్షేపణలనూ వివరింపసాగాడు. ఇంత చదువు రాజులలో ఉండునని ఊహించని యువ పండితునికి ధైర్యం వచ్చింది. నోరు విప్పారు. ఆనాడు ధనము, విలువైన అంగీ, వాహనము బహుమతిగా పొంది ఇంటికి చేరారు.

కొంత కాలానికి ఇబ్నె తుఫైల్ ఆయనను పిలిచి ఒక మాట చెప్పారు. అరిస్టాటిల్ గ్రంథాల అరబ్బీ అనువాదాలు దురవగాహంగా ఉన్నవనీ, ఎవరైనా వానిని స్పష్టం చేస్తే బాగుండుననీ ఖలీఫా విచారపడుచున్నాడని ఆ మాటల సారాంశం. తనకు వయసు మీరినది కనుక ఆ భారం ఇబ్నె రుష్ద్ వహింపవలెనని ఆయన కోరారు. ఆ కోరికను తలదాల్చి ఇబ్నె రుష్ద్ మిగిలిన జీవితమంతా ఆ పనికి ధారపోశారు.

మన తెలుగు విద్యార్థులకు మెతుకు సీమకు చెందిన మల్లినాథసూరి పేరు తెలుసు. కాళిదాస కావ్యాలకు ఆయన వ్యాఖ్యానమే దిక్కు. అరిస్టాటిల్‌కు ఇబ్నె రుష్ద్ అట్టివారు. ఒకే గ్రంథాన్ని ఆయన మూడు విధాలుగా వివరించేవారు. ప్రారంభకులకు క్లుప్తమైన సంగ్రహం, మధ్యములకు తాత్పర్యం, పండితులకు మూలంలోని వాక్యాన్ని ఒక్కొక్కటి ఎత్తి చూపి చెప్పే మహావ్యాఖ్య. ఉపాధ్యాయుడు తరగతిలో ముగ్గురు స్థాయీ భేదాల విద్యార్థులను దృష్టిలో ఉంచుకొనునట్లు ఆయన పాఠకులను దృష్టిలో ఉంచుకొన్నారు. ఐరోపాలో ఆయనకు వేరే పేరు అవసరం లేకపోయింది. వ్యాఖ్యాత అంటే ఆయనే.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పవలెను. ఇంతటి వ్యాఖ్యాతకు గ్రీకు భాష రాదు. సిరియా క్రైస్తవ పండితులు సిరియాక్ భాష ద్వారానో, గ్రీకు నుండి నేరుగానో అరబ్బీలోకి తెచ్చిన అనువాదాలే ఆయనకు ఆధారం. భిన్న ప్రతులను పోల్చి, సందర్భాన్ని పట్టుకొని, అనువాదకుని పొరపాటు ఎక్కడ దొర్లినదో ఊహించేవారు. చాలా చోట్ల ఆ ఊహ సరియైనదే. ఒక చోట మాత్రం దెబ్బతిన్నారు. అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో విషాదాంత, హాస్య నాటకాల ప్రస్తావన ఉంది. అరబ్బులకు నాటకం లేదు. అందుచేత ఆయన విషాదాంత నాటకాన్ని స్తుతి కవిత్వమనీ, హాస్య నాటకాన్ని నిందా కవిత్వమనీ అర్థం చేసుకొన్నారు. మన పల్లెలో హరిశ్చంద్ర నాటకాన్ని ఒక్క రాత్రి చూపించి ఉంటే ఆ చిక్కు విడిపోయి ఉండేది! పుస్తకంలో ఎంత మేధ పెట్టినా, అనుభవంలో లేని వస్తువును మాట మాత్రం చేత పట్టుకోవడం కష్టమని అనువాదకులందరికీ ఇది హెచ్చరిక.

ఈ పనియంతా ఆయన తీరికగా కూర్చుని చేసినది కాదు. 1169లో సెవిల్ నగరానికి ఖాజీ అయ్యారు. రెండేండ్లకు ఖుర్తుబా ఖాజీగా మరలివచ్చారు. 1182లో ఇబ్నె తుఫైల్ స్థానంలో ఖలీఫాకు వైద్యులయ్యారు. తరువాత ఖుర్తుబాలో తాతగారు అలంకరించిన ప్రధాన ఖాజీ పదవి ఆయనకు లభించింది. పగలు వ్యాజ్యాలు, రాత్రి గ్రంథ రచన. సెవిల్‌లో ఉండగా వ్రాసిన ఒక వ్యాఖ్యలో, తన పుస్తకాలన్నీ ఖుర్తుబాలో ఉండిపోయినందున పొరపాట్లు ఉండవచ్చునని పాఠకులకు మనవి చేసుకొన్నారు. బదిలీలపై ఊళ్ళు తిరిగే ఉద్యోగులకు ఈ బాధ తెలిసినదే.

వైద్యంలో ఆయన వ్రాసిన అల్ కుల్లియాత్ సాధారణ సూత్రాల గ్రంథం. ఒక్కొక్క రోగానికి చికిత్స చెప్పే సహ గ్రంథాన్ని వ్రాయమని తన మిత్రుడైన ఇబ్నె జుహ్ర్‌ను కోరారు. లాటిన్‌లోకి వెళ్ళిన తరువాత కుల్లియాత్ పేరు కొల్లిగెత్ అయి, ఐరోపా వైద్య విద్యాలయాలలో శతాబ్దాలు పాఠ్యగ్రంథమైంది. ధర్మశాస్త్రంలో ఆయన రచించిన బిదాయతుల్ ముజ్తహిద్ నేటికీ ఇస్లామీయ విద్యాలయాలలో చదువబడుచున్నది. ఒక సమస్యపై భిన్న మజ్హబుల ఇమాములు ఏమన్నారో చెప్పి ఊరకుండక, వారు ఎందుకు భేదించారో కారణం చూపడం ఆ గ్రంథపు విశిష్టత. అభిప్రాయ భేదాన్ని తగవుగా గాక తర్కంగా చూడడం ఆయన నేర్పారు.

తత్వవిచారం మతానికి విరుద్ధమని భావించే వారికి సమాధానంగా ఫస్లుల్ మఖాల్ అనే చిన్న గ్రంథం వ్రాశారు. సృష్టిని బుద్ధితో పరిశీలింపుమని ధర్మమే ఆదేశించినపుడు అందుకు తగిన సాధనాలను నేర్చుట కూడా విధియే అగునని ఆయన వాదం. ఆ సాధనాలను నిర్మించినవారు గ్రీకులు కదా, ముస్లిములు కారు కదా అనువారికి ఆయన చెప్పిన దృష్టాంతం చమత్కారమైనది. ఖుర్బానీ చేసే కత్తి సరియైనదా కాదా అని చూస్తాముగాని, అది చేసినవాని మతమేమని అడుగము గదా అన్నారు. ఇమాం గజాలీ తత్వవేత్తలను ఖండిస్తూ వ్రాసిన ప్రసిద్ధ గ్రంథానికి ఇబ్నె రుష్ద్ సవివరమైన ప్రత్యుత్తరం వ్రాశారు. అందులో గజాలీ వాదాన్ని ముందు ఆయన మాటలలోనే విస్తారంగా ఉదాహరించి, ఆ తరువాతనే తన సమాధానం చెబుతారు. ఎదుటివాని వాదాన్ని కుదించి, వికృతం చేసి, ఆపై ఖండించే అలవాటు నేడు సభలలోను పత్రికలలోను ఎంతగా ప్రబలినదో ఆలోచిస్తే ఈ పద్ధతి విలువ తెలుస్తుంది.

మా విద్యార్థినులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగిన విషయం మరొకటి ఉంది. అరిస్టాటిల్ రాజనీతి గ్రంథం స్పెయిన్‌లో లభించనందువలన ఆయన ప్లేటో రచించిన ఆదర్శ రాజ్యం గ్రంథానికి వ్యాఖ్య వ్రాశారు. స్త్రీ పురుషుల స్వభావం మూలంలో ఒకటేననీ, స్త్రీలలో తత్వవేత్తలు, పాలకులు కాగలవారు ఉండవచ్చుననీ అందులో ఒప్పుకొన్నారు. తన కాలపు నగరాలలో స్త్రీలను కేవలం సంతానానికీ, ఇంటి చాకిరీకీ పరిమితం చేసినందున వారి శక్తి వృథా అగుచున్నదనీ, ఆ నగరాల పేదరికానికి అది ఒక కారణమనీ విమర్శించారు. ఇది ఎనిమిది వందల ఏండ్లకు పూర్వం ఒక ఖాజీ వ్రాసిన మాట.

ఖలీఫా అబూ యాఖూబ్ 1184లో మరణించగా అతని కుమారుడు యాఖూబ్ అల్ మన్సూర్ సింహాసనమెక్కాడు. పది సంవత్సరాలకు పైగా అతడు కూడా ఇబ్నె రుష్ద్‌ను గౌరవించాడు. 1195లో ఆ గౌరవం హఠాత్తుగా తలక్రిందులైంది. కారణాలు పలువురు పలు విధాల వ్రాశారు. జంతుశాస్త్ర వ్యాఖ్యలో జిరాఫీని గురించి వ్రాస్తూ దానిని బర్బరుల రాజు వద్ద చూచితినని ఆయన పేర్కొన్నారట. ఖలీఫా బిరుదములేవీ లేకుండా అట్లు వ్రాయడం అవమానమని శత్రువులు ఎత్తి చూపారు. తాను వ్రాసినది రెండు తీరాల రాజు అనీ, లేఖకుడు దానిని బర్బరుల రాజుగా మార్చినాడనీ ఆయన సమాధానం. అరబ్బీ లిపిలో ఆ రెండు మాటలకు పోలిక చాల దగ్గర. వ్రాతప్రతులతో పరిచయమున్న వారికి ఇట్టి ప్రమాదం కొత్త కాదు. ఇంకొక కథ కూడా ఉంది. శుక్రగ్రహాన్ని దేవతగా భావించిన ప్రాచీనుల అభిప్రాయాన్ని ఆయన ఒక చోట ఉదాహరించగా, ముందు వెనుకలు తీసివేసి ఆ ఒక్క ముక్కను ఆయన దస్తూరీతోనే ఖలీఫాకు చూపించారట.

అసలు కారణం రాజకీయమని నేటి చరిత్రకారులు చాలామంది అభిప్రాయం. ఖలీఫా ఆ సంవత్సరమే అలార్కోస్ వద్ద కాస్తీల్ రాజైన ఎనిమిదవ అల్ఫోన్సోతో పెద్ద యుద్ధం చేసి గెలిచాడు. యుద్ధకాలంలో అతనికి ప్రజలనూ సైన్యాన్నీ ప్రభావితం చేయగల ఛాందస పండితుల మద్దతు కావలసి వచ్చింది. ఆ మద్దతుకు వెలగా తత్వవేత్తను అప్పగించాడు. ఖుర్తుబా పెద్ద మసీదులో విచారణ జరిగింది. డెబ్బదవ పడికి చేరువైన వృద్ధుడిని ఖుర్తుబాకు దక్షిణాన ఉన్న లూసెనా అనే చిన్న ఊరికి పంపివేశారు. అది పూర్వం యూదుల ఊరు. తత్వశాస్త్ర గ్రంథాలను తగులబెట్టవలెనని ఆజ్ఞలు వెళ్ళాయి. వైద్యం, గణితం, నమాజు వేళలకు పనికివచ్చే ఖగోళం మాత్రం విడిచిపెట్టారు.

ఆ కష్టాలన్నిటిలో ఆయనను అధికంగా నొప్పించినది మరొకటని చరిత్రకారులు వ్రాశారు. ఒకనాడు ఆయన తన కుమారునితో కలిసి ఖుర్తుబా మసీదులో అస్ర్ నమాజుకు వెళ్ళగా, అల్లరి మూక ఒకటి లేచి వారిని వెలుపలికి గెంటివేసింది. ఆ మసీదులో తాతగారు ఇమాముగా నిలిచి నమాజు చేయించారు. ఆ నగరంలో మూడు తరాలు న్యాయం చెప్పారు. ఆ గుమ్మం వద్దనే మనుమనికి ఆ అవమానం జరిగింది. చేసినవారు పరాయివారు కారు.

రెండు మూడు సంవత్సరాలకు ఖలీఫా మనసు మారింది. మరాకిష్‌కు తిరిగి వెళ్ళిన తరువాత ఆజ్ఞలు రద్దు చేసి, ఇబ్నె రుష్ద్‌ను సగౌరవంగా పిలిపించాడు. అయితే ఆయుర్దాయం మిగలలేదు. 1198 డిసెంబరులో ఆయన మరాకిష్‌లో పరమపదించారు. మరుసటి నెలలోనే ఖలీఫా కూడా మరణించాడు. మొదట మరాకిష్‌లో ఖననం చేసి, మూడు నెలల తరువాత భౌతికకాయాన్ని ఖుర్తుబాకు తరలించి పూర్వుల సమాధుల చెంత ఉంచారు. ఆ తరలింపును కళ్ళారా చూచినవారిలో సూఫీ మహనీయుడు ఇబ్నె అరబీ ఒకరు. బాల్యంలో ఆయన ఇబ్నె రుష్ద్‌ను కలుసుకొన్నవారు. బరువు మోసే పశువుకు ఒక వైపు శవపేటిక కట్టి, తూనిక సరిపోవుటకు రెండవ వైపు ఆయన గ్రంథాలు కట్టారని ఇబ్నె అరబీ వ్రాశారు. మన పల్లెలలో పూర్వం పెరికెద్దు మీద ఇరుప్రక్కల బరువు సరిచూచి కట్టేవారు. అట్లే ఒక మనిషి జీవితం, ఆయన కృషి సరితూగుతూ ఇల్లు చేరాయి.

ఖుర్తుబా చేరిన ఆ పుస్తకాలు అక్కడ ఎక్కువ కాలం నిలువలేదు. 1236లో నగరం కాస్తీల్ రాజు వశమైంది. పెద్ద మసీదు చర్చిగా మారింది. కాని అప్పటికే పుస్తకాలు బయలుదేరాయి. యూద పండితులు వానిని హీబ్రూలోకి, మైకేల్ స్కాట్ మొదలైన క్రైస్తవ పండితులు లాటిన్‌లోకి పదమూడవ శతాబ్దంలో అనువదించారు. పారిస్ విశ్వవిద్యాలయంలో వానిపై పెద్ద వివాదాలు చెలరేగాయి. థామస్ అక్వినాస్ ఆయన సిద్ధాంతాన్ని ఖండిస్తూ 1270లో గ్రంథం వ్రాశాడు. 1277లో పారిస్ బిషప్ 219 ప్రతిపాదనలను నిషేధించగా వానిలో కొన్ని ఇబ్నె రుష్ద్ అనుచరుల నుద్దేశించినవి. ఖుర్తుబాలోనే గాక పారిస్‌లో కూడా ఛాందసులకు ఆయన కంటగింపు అయ్యారన్న మాట. అయినా డాంటే మహాకవి తన కావ్యంలో ఆయనను గ్రీకు తత్వవేత్తల సరసన నిలిపాడు. రోములో రఫేల్ చిత్రించిన ఏథెన్సు పాఠశాల చిత్రంలో తలపాగాతో కనిపించే మూర్తి ఆయనదేనని చెబుతారు.

విద్యార్థులు గమనింపవలసినది ఇక్కడ ఉంది. ఆత్మను గురించి ఆయన వ్రాసిన మహావ్యాఖ్య పూర్తిగా నేడు లాటిన్‌లో మాత్రమే దొరుకుచున్నది. స్త్రీలను గురించి పైన చెప్పిన మాటలున్న గ్రంథానికి అరబ్బీ మూలం లేదు. హీబ్రూ అనువాదం వల్ల బ్రతికింది. ఫస్లుల్ మఖాల్ అరబ్బీ మూలం స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయంలో మిగిలి ఉండగా, 1859లో దానిని జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఒక జర్మన్ పండితుడు అచ్చువేయించాడు. అనగా ఒక ముస్లిం ఖాజీ గ్రంథాలను కాపాడినవారు చాలవరకు యూదులు, క్రైస్తవులు. తగులబెట్టమన్నవాడు ముస్లిం రాజు. సభలో చప్పట్లు అందుకొన్న నాకు ఈ సత్యం తెలిసిన నాడు తల వంగింది. పూర్వుల పేర్లు వల్లించుట సులభం; వారి పుస్తకాలను చదువుట కష్టం. మొదటి పని మాత్రమే చేసిన జాతికి రెండవ పని ఇతరులు చేసి పెడతారు. అప్పుడు కీర్తి మనదే గాని, జ్ఞానం వారిది.

గ్రనడా పతనంతో స్పెయిన్‌లో ముస్లిం పాలన అంతరించిన 1492వ సంవత్సరంలోనే స్పెయిన్ పంపిన కొలంబస్ అమెరికా దీవులను చేరాడు. ఆ నేలపై పుట్టిన మిరప పోర్చుగీసు వారి ఓడలలో మన దేశానికి చేరి, చివరకు గుంటూరు నేలకు పేరు తెచ్చింది. మిరపకాయను పరాయిదని మనం త్రోసివేయలేదు, దానితోనే బ్రతుకుతున్నాము. విత్తనానికి ఉన్న ఈ స్వాగతం గ్రంథానికి కూడా ఉండవలదా?

ఆ పని తెలుగు నేలపై ఒకప్పుడు జరిగినదే. హైదరాబాదులో 1917లో ఏర్పడిన అనువాద శాఖ ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు అనేక శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఇబ్నె రుష్ద్‌పై రెనాన్ అనే ఫ్రెంచి పండితుడు వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం కూడా వానిలో ఉన్నది. ఖుర్తుబా పండితుడు ఫ్రెంచి పుస్తకం ద్వారా ఉర్దూలో హైదరాబాదు చేరారు. అక్కడి నుండి గుంటూరు ఎంత దూరం?

ఉర్దూ, తెలుగు రెండూ చదివే విద్యార్థులు ఒకే కప్పు క్రింద కూర్చునే భాగ్యం కొద్ది కళాశాలలకే ఉంటుంది. ఇబ్నె రుష్ద్‌కు గ్రీకు రాదు. అనువాదకుల మీద ఆధారపడ్డారు. మన విద్యార్థులలో చాలామందికి రెండు భాషలు ఇంట్లోనే వచ్చు. కనుక కమిటీ పెద్దలకు నాదొక మనవి. ప్రతి సంవత్సరం ఈ సంచికలో ఉర్దూ నుండి తెలుగులోకి ఒకటి, తెలుగు నుండి ఉర్దూలోకి ఒకటి, విద్యార్థులే చేసిన అనువాదాలు రెండు తప్పక ఉండేటట్లు ఏర్పాటు చేయవలెను. పొరపాట్లు దొర్లుతాయి. నాటకాన్ని స్తుతి కవిత్వమనుకొన్న మహావ్యాఖ్యాత కంటె మన పిల్లలు అధికులు కారు. తప్పులు దిద్దుటకు ఉపాధ్యాయులమున్నాము. ఇక సభలో ఇబ్నె రుష్ద్ పేరు పలుకదలచిన విద్యార్థి ముందుగా ఆయన గ్రంథం ఒకటి, ఏ భాషలో దొరికితే ఆ భాషలో, కనీసం పది పుటలైనా చదివి వేదిక ఎక్కవలెనని నా కోరిక. చప్పట్లు ఆ తరువాత.